పురి తిరిగిన జువ్వ

సిసింద్రీకి పుల్ల ఉండదు, జువ్వకి ఉంటుంది. ఈ ఒక్క తేడా పన్నెండేళ్ల వయసులో నన్ను రెండు దీపావళుల పాటు కుదురుగా ఉండనివ్వలేదు. మొన్న మా మనవరాలు కూల్‌డ్రింకు సీసాకి అట్టముక్కలు అంటించుకుంటూ, "తాతా, ఇవి ఏటవాలుగా ఎందుకు పెట్టమన్నావు?" అని అడిగింది. చెప్పబోయి ఆగిపోయాను. ఆ జవాబు నాది కాదు, మా చిన్నమావయ్యది. ఆయన పోయి ఆరేళ్లయింది. ఎవరికీ పూర్తిగా చెప్పలేదు ఈ సంగతి, ఇప్పుడైనా రాసి పెట్టుకోవాలనిపించింది.

మా అమ్మమ్మగారి ఊరు తణుకు దగ్గర, కాలవ గట్టు మీద. నాన్నది బదిలీల ఉద్యోగం కాబట్టి నన్ను అక్కడే ఉంచి చదివించారు. దసరా వెళ్లిందంటే చాలు, తాతయ్య అరుగు మీద మందుగుండు పని మొదలయ్యేది. ఆ రోజుల్లో గోదావరి పల్లెల్లో కొనుక్కొచ్చే సరుకు తక్కువ. మతాబులు, చిచ్చుబుడ్లు, సిసింద్రీలు, జువ్వలు చాలా ఇళ్లల్లో ఎవరికి వారే చేసుకునేవాళ్లు. పాత కాగితాలు గంజి రాసి ఇనప చువ్వకి చుట్టి గొట్టాలు చేయడం, వాటిని ఎండలో వరసగా పేర్చడం, సాయంత్రం మంచు పడకముందే లోపలికి తేవడం మా పిల్లల వంతు. మందు కలపడం, కూరడం మాత్రం తాతయ్య ఒక్కడే చేసేవాడు, అదీ పెరట్లో చింతచెట్టు కింద, చుట్టుపక్కల ఎవరూ లేకుండా. సూరేకారం, గంధకం, బొగ్గు అనే మాటలు నాకు ఎక్కాల కంటే ముందే తెలుసు. పాళ్లు కూడా తెలుసు, అవి మాత్రం ఇక్కడ రాయను, ఎందుకో తర్వాత చెబుతాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఉప్పు పొట్లం. దానికి మందే అక్కర్లేదు. పోతుతాడి గెలలు కోసుకొచ్చి కాల్చి బొగ్గు చేసి, మెత్తగా దంచి, ఉప్పు కలిపి, పాతగుడ్డలో గట్టిగా చుట్టి, తాటిమట్ట చీలికల మధ్య బిగించి తాడు కట్టేవాళ్లం. దానికి నిప్పు అంటించి తల చుట్టూ గిరగిరా తిప్పితే నిప్పుపూలు గొడుగులాగా విచ్చుకునేవి. ఎంత వేగంగా తిప్పితే అన్ని పూలు. ఆ పొట్లం తిప్పే అలవాటే తర్వాత నాకు పనికొచ్చింది, అది కూడా చెబుతాను.

జువ్వ సంగతికి వస్తే, తాతయ్య చిన్న జువ్వలకి కొబ్బరి ఈనె, పెద్దవాటికి సన్నగా చీల్చిన వెదురు బద్ద కట్టేవాడు. కట్టాక ప్రతి జువ్వనీ చూపుడు వేలి మీద అడ్డంగా పెట్టి తూచేవాడు. గొట్టం మూతి దాటి కాస్త కిందికి, పుల్ల మీద, వేలు ఎక్కడ పెడితే అటూ ఇటూ ఒరగకుండా నిలబడుతుందో చూసేవాడు. గొట్టం వైపు ఒరిగితే పుల్ల పొట్టిదన్నమాట, పైకి లేవగానే తల తిప్పేసుకుంటుంది. పుల్ల వైపు మరీ ఒరిగితే బరువు లాక్కుని పొలంలో పడుతుంది. కత్తితో గోరంత కోసేవాడు, మళ్లీ తూచేవాడు. ఆయనకి లెక్కలు రావు, కానీ ఆ వేలు ఎప్పుడూ తప్పు చెప్పలేదు. పుల్ల ఎందుకు తాతయ్యా అంటే, "పడవకి చుక్కాని ఎందుకురా?" అనేవాడు. కాలవలో పడవలు చూస్తూ పెరిగినవాళ్లం, అంతకంటే చెప్పక్కర్లేదు.

మరి సిసింద్రీ? అదీ గొట్టమే, దానిలోనూ మందే, వెనక నుంచి నిప్పే. పుల్ల లేకపోయేసరికి దానికి దారి ఉండదు. నేల మీద పాములా మెలికలు తిరిగి, అరుగెక్కి, ఆడవాళ్ల చీరకుచ్చిళ్ల దగ్గరికెళ్లి, ఏ మూలనో టప్పున ఆరిపోతుంది. అందరూ నవ్వుకుంటూ కేకలేస్తూ పరిగెత్తేవాళ్లు. నాకు మాత్రం అది ఎటు వెళ్లాలనుకుని ఎటు వెళుతోందో తెలుసుకోవాలని ఉండేది.

మా చిన్నమావయ్య ఐటీఐలో ఫిట్టరు పని నేర్చుకుని శ్రీహరికోట రాకెట్ల కేంద్రంలో చేరాడు. సూళ్లూరుపేటలో గది, పులికాట్ సరస్సు మీదుగా బస్సులో డ్యూటీకి వెళ్లడం. ఆయన పని ఎక్కువగా చిన్న రాకెట్ల దగ్గర. శ్రీహరికోట నుంచి మొట్టమొదట ఎగిరింది కూడా అలాంటి చిన్న రాకెట్టే, 1971 అక్టోబరు 9న, రోహిణి-125. ఆ నూటఇరవైఐదు మిల్లీమీటర్లన్నది దాని అడ్డుకొలత. మా తాతయ్య పెద్ద జువ్వ ఆయన బొటనవేలి కంటే కాస్త లావు ఉండేది, దీన్ని బట్టి మీరే ఊహించుకోండి.

1979 ఆగస్టు 10న, ఉపగ్రహాల్ని కక్ష్యలో పెట్టడానికి మన దేశం చేసిన మొదటి రాకెట్టు ఎస్‌ఎల్‌వీ-3 మొదటిసారి లేచింది, దారి తప్పి బంగాళాఖాతంలో పడింది. రేడియోలో విన్నాం. రెండో అంచెని, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన నాలుగు గొట్టాల్లో కింద నుంచి రెండోదాన్ని, తిప్పే కంట్రోలు వ్యవస్థలో ఆమ్లం కారిపోవడం వల్ల అలా జరిగిందని తర్వాత తెలిసింది. ఆ ఏడాది దీపావళికి మావయ్య వచ్చాడు. ఊళ్లో ప్రతివాడూ అదే అడగడం, "ఏరా, మీ రాకెట్టు సముద్రంలో పడిపోయిందంట కదా" అని. ఆయన దాని మీద పని చేశాడో లేదో కూడా ఎవరికీ అక్కర్లేదు. జవాబు చెప్పకుండా అరుగు చివర కూర్చునేవాడు. అమ్మమ్మ వేడివేడిగా బూరెలు తెచ్చిపెట్టినా తినేవాడు కాదు.

పండగ ముందురోజు నేను గొట్టాలు ఆరబెడుతూ ఒక సిసింద్రీ వెలిగించాను, సరదాకి. అది ఆయన కాళ్ల పక్క నుంచి తిరిగి తిరిగి వెళ్లి తులసికోట దగ్గర ఆగింది. ఆయన లేచి వెళ్లి ఆ కాలిన గొట్టం చేతిలోకి తీసుకుని, మూతి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచి, "ఒరేయ్ అబ్బాయ్, ఈ రంధ్రం సరిగ్గా మధ్యలో ఉందా?" అన్నాడు. చూస్తే లేదు. ఒక పక్కకి, ఆవగింజంత జరిగి ఉంది. "అదే. తోసే దెబ్బ నడుముకి తగలకుండా పక్కకి తగులుతోంది, అందుకే ఒళ్లు తిప్పుకుంటోంది. ఈ వంకర తాతయ్య చుట్టిన గొట్టంలోనూ ఉంటుంది, మా దగ్గర మిషన్ల మీద చేసినదాంట్లోనూ ఉంటుంది. ఎక్కువ తక్కువే. అసలు వంకర లేని గొట్టం ఎవరూ చేయలేరు."

మరి మీ రాకెట్లకి పుల్ల కడతారా మావయ్యా అన్నాను. ఆయన జేబులోంచి రెండు రూపాయల నోటు తీశాడు. దాని వెనక ఆర్యభట్ట ఉపగ్రహం బొమ్మ ఉండేది, ఆ రోజుల్లో వాడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. "ఇది 1975లో పైకెళ్లింది. దీనికి పుల్లా లేదు, రెక్కా లేదు, అక్కడ గాలే లేదు. ఎలా నిలబడింది? బొంగరంలా తిప్పారు" అన్నాడు. బొంగరం అనగానే నాకు వెలిగింది. తిరగని బొంగరం ముల్లు మీద క్షణం నిలవదు, తిరుగుతున్నది పక్క నుంచి పుల్లతో పొడిచినా ఒకసారి తల ఊపి మళ్లీ సర్దుకుంటుంది.

కానీ మావయ్య దాంతో ఆపలేదు, రెండో మాట చెప్పాడు, అసలు మాట అదే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. "గొట్టం కుడికి తోస్తోందనుకో. అది తన చుట్టూ తాను సగం తిరిగేసరికి అదే వంకర ఎడమకి తోస్తుంది. ఇంకో సగం తిరిగితే మళ్లీ కుడికి. వంకర పోలేదు, ఉంది, నాలుగు వైపులకీ సమానంగా పంచేశాం. మొత్తం కలిపి చూస్తే తిన్నగా వెళ్లినట్టే." పాత నోటు మీద గోరుతో సున్నాలు చుట్టి చూపించాడు. రెండు నెలల తర్వాత ఆయన మొహంలో మొదటిసారి కళ కనపడిందని అమ్మమ్మ ఆ రాత్రి అంది.

ఇంకేముంది, పుల్ల లేకుండా జువ్వని తిన్నగా పంపాలని ఇద్దరం కూర్చున్నాం. తాతయ్య కూరి పెట్టిన గొట్టాల్లోంచి అయిదు అడిగి తీసుకున్నాం. ఆయన ఇస్తూనే, "పుల్ల తీసేసిన జువ్వ అంటే పెద్ద సిసింద్రీరా. ఊరికి దూరంగా పోండి" అన్నాడు. చెరువు గట్టుకి పోయాం.

మొదటి ఆలోచన రెక్కలు. బాణానికి ఈకలున్నట్టు వెనక మూడు రెక్కలు అంటించి, వాటిని కాస్త ఏటవాలుగా పెడితే గాలి తగిలి గొట్టం తిరుగుతుంది. శ్రీహరికోటలో చిన్న రాకెట్లు చేసే పని కూడా ఇదేనని, చూస్తే తిన్నగా ఉన్నట్టే ఉండే రెక్కల్ని కొంచెం తిప్పి బిగిస్తారని మావయ్య చెప్పాడు. రెక్కలకి పెళ్లి శుభలేఖల అట్ట వాడాం. ఇంట్లో ఏ శుభలేఖ ఉంటే అది కత్తిరించేశాను, అందులో మా అమ్మ పెళ్లిది కూడా ఉందని తర్వాత తెలిసింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది. నేను కిరసనాయిలు డబ్బా రేకుతో చేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. "ఏదైనా పేలితే అట్ట కాగితమవుతుంది, రేకు కత్తవుతుంది. నిప్పు దగ్గర రేకు పెట్టకు" అన్నాడు. ఆ మాట ఎంత గట్టిగా అన్నాడంటే, తర్వాత నేను నిప్పు దగ్గర ఇంకెప్పుడూ రేకు ముక్క పెట్టలేదు.

వెలిగించాక మొదటిది నిలబెట్టిన చోటే పక్కకి ఒరిగి చెరువులోకి దూకింది. కారణం మావయ్యకి వెంటనే తెలిసింది. రెక్కలు పని చేయాలంటే గాలి కావాలి, గాలి తగలాలంటే వేగం కావాలి, బయల్దేరేటప్పుడు వేగం ఎక్కడిది? ఆ మొదటి క్షణం ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని నడిపించాలి. పుల్ల ఉన్న జువ్వని సీసాలో పెట్టి వెలిగించేది అందుకేనని నాకప్పుడు అర్థమైంది. సరే, నేలలో మూడు వెదురు బద్దలు నిలువుగా పాతి, మధ్యలో గొట్టాన్ని పెట్టాం, బద్దల సందుల్లోంచి రెక్కలు బయటికి వచ్చేటట్టు. రెండోది తిన్నగానే లేచింది కానీ, తిరగబోయి రెక్క బద్దకి కొట్టుకుని చిరిగిపోయింది. బయటికొచ్చాక సిసింద్రీయే. మూడోదానికి రెక్కలు ఇంకా ఏటవాలు చేశాను, నా ఆత్రం. అది గిర్రున భూచక్రంలా తిరిగి, ఉన్న బలమంతా తిరగడానికే పెట్టేసి, నడుమెత్తు దాకా లేచి పడిపోయింది. "తిరగడం ఊరికే రాదురా, దానికీ ఖర్చుంది" అన్నాడు మావయ్య.

నాలుగోది ఎక్కువ ఎగిరింది. అంతే వేగంగా వంగింది. గట్టు దాటి, కాలవ దాటి, అవతల ఒక రైతు గడ్డిమేటులో దూరింది.

ఆ పరుగు గురించి ఎక్కువ రాయలేను. సార్వా చేలు కంకి మీద ఉన్నాయి, చుట్టూ తాటాకు పాకలు, గాలి ఊరి వైపుకే ఉంది. గోనె సంచులు కాలవలో ముంచి బాదాం. చుట్టుపక్కల పొలాల్లో ఉన్నవాళ్లంతా పరిగెత్తుకొచ్చారు. మేటు సగం పోయింది, ఊరు దక్కింది. తాతయ్య ఆ రైతుకి రెండు బళ్ల గడ్డి తోలించాడు, మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అమ్మమ్మ మాత్రం, "మీ తెలివితేటలు తగలెయ్య, ఆ పాకల్లో చంటిపిల్లలున్నారు" అని ఏడ్చింది. అయిదో గొట్టాన్ని మావయ్య నీళ్లలో నానబెట్టి మట్టిలో కప్పేశాడు. ఆ రాత్రి మేము ఉప్పు పొట్లాలు తప్ప ఏమీ వెలిగించలేదు.

సెలవు అయిపోయి ఆయన వెళ్లిపోయాడు. నెల తర్వాత ఇన్‌లాండ్ లెటరు వచ్చింది, నా పేరు మీద. నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం అది. లోపల మాటల కంటే బొమ్మలు ఎక్కువ. ముక్కు దగ్గర బరువు చాలలేదని, రెక్కలున్నదానికి బరువు ముందుకి ఉండాలని, నిప్పు పెట్టకుండానే పరీక్ష చేసే పద్ధతి ఒకటుందని రాశాడు. గొట్టం ఎక్కడ తూగుతుందో అక్కడ దారం కట్టి, తల చుట్టూ తిప్పాలి, ముక్కు ముందుకి పెట్టి తిరిగితే మంచిది, పక్కకి గానీ వెనక్కి గానీ తిరిగితే పనికిరాదు. "నీకు పొట్లం తిప్పడం వచ్చు కదా, ఇదీ అంతే" అని రాశాడు. ఆ చలికాలమంతా మందు లేని ఖాళీ గొట్టాలకి బంకమట్టి ముక్కు పెట్టి, రెక్కలు మార్చి మార్చి, దారం కట్టి దొడ్లో తిప్పాను. అంత ఇష్టంగా నేను ఏ పరీక్షకీ చదవలేదు. ఏ రెక్క ఎంత ఉంటే ముక్కు ముందుకి వస్తుందో, ఎంత మట్టి పెడితే చాలో అట్టపుస్తకంలో రాసుకున్నాను. నిప్పు లేకుండా రాకెట్టు గురించి ఇంత తెలుస్తుందని నాకు ముందు తెలిస్తే ఆ గడ్డిమేటు కాలేది కాదు.

బద్దల చిక్కు మాత్రం తీరలేదు. నిలువుగా పాతితే తిరగనివ్వవు, తీసేస్తే ఒరిగిపోతుంది. వేసవిలో ఒకరోజు అమ్మమ్మ అరుగు మీద వెదురు పుల్లల మోడా బోర్లించి దులుపుతోంది. మోడా చూశారుగా, దాని పుల్లలు నిలువుగా ఉండవు, అన్నీ ఒకే వైపు వాలి, మధ్యలో నడుము సన్నబడి ఉంటుంది. తాడు పురి తిప్పినట్టు. అది చూస్తూ చూస్తూ నాకు ఒళ్లు జల్లుమంది. బద్దలే వాలుగా పాతితే? మూడూ ఒకే వైపుకి వాలితే, వాటి సందుల్లోంచి పాకుతూ వెళ్లే రెక్కలు గొట్టాన్ని తిప్పుకుంటూనే వెళ్లాలి, బయటికి వచ్చేసరికే అది తిరుగుతూ ఉండాలి. అప్పటికప్పుడు కార్డు రాశాను. వారంలో జవాబు, ఒకే వాక్యం: "ఇది నీకు ఎవరు చెప్పారు?" అసలు రాకెట్ల వాళ్లలో కొందరు కూడా మెలితిప్పిన పట్టాల మీద నుంచి పంపి ఇలా తిప్పడం ఉందని ఆయన తర్వాత చెప్పాడు. అప్పటికి అది నాకు తెలియదు. మా అమ్మమ్మ మోడానే తెలుసు.

1980 జూలై 18న ఎస్‌ఎల్‌వీ-3 రెండోసారి లేచి, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. రేడియో ముందు తాతయ్య లేచి నిలబడ్డాడు. కింది అంచెలకి దారి మళ్లించే ఏర్పాట్లు ఉంటాయని, చివరి అంచెకి అలాంటిది లేదని, దాన్ని గిరగిరా తిప్పి అప్పుడు వెలిగిస్తారని మావయ్య తర్వాత చెప్పినప్పుడు, నేను నా బద్దల గూడునే తల్చుకున్నాను. ఆ ఏడాది దీపావళికి ఆయన దిగేసరికి బస్సు దగ్గరికే జనం వచ్చారు. పోయినేడు అడిగినవాళ్లే ఇప్పుడు భుజం తట్టారు. ఆయన అందరికీ దండం పెట్టి, నేరుగా నా దగ్గరికొచ్చి, "ఏదిరా నీ మోడా?" అన్నాడు.

ఈసారి పద్ధతిగా చేశాం. ఊరికి రెండు మైళ్ల దూరంలో కాలవ పక్క బీడు, గాలి కాలవ వైపుకి ఉన్న సాయంత్రం, నాలుగు బిందెల నీళ్లు, తడి గోనెలు, తాతయ్య కూడా దగ్గరే. అట్ట రెక్కల్ని పటిక నీళ్లలో ముంచి ఆరబెట్టాం, తొందరగా అంటుకోకుండా. బద్దలకి ఆముదం రాశాం. మూడు రెక్కల్లో ఒకదానికి సిగరెట్టు పెట్టెలో వెండికాగితం అంటించమన్నాడు మావయ్య. ఎందుకంటే చెప్పలేదు. ఒత్తి అంటించి తాతయ్య వెనక్కొచ్చేశాడు.

గూట్లోంచి సర్రున మెలి తిరుగుతూ వచ్చింది. ఒరగలేదు. కొబ్బరిచెట్ల తలలు దాటేదాకా నేను ఊపిరి తీయలేదు. పడమటి ఎండ ఆ వెండికాగితం మీద పడి, తిరిగిన ప్రతిసారీ ఒక మెరుపు, చుక్కచుక్కగా పైదాకా. ఇది చూడడానికే పెట్టించాడన్నమాట. పుల్ల ఉన్న జువ్వ గీత గీసినట్టు వెళుతుంది. ఇది అలా లేదు, దీని పొగకి పురి ఉంది, కొత్త కొబ్బరితాడు ఆకాశంలోంచి వేలాడదీసినట్టు. మందు అయిపోయాక కూడా మెరుస్తూ మెరుస్తూ కాసేపు పైకే వెళ్లి, తిరిగి కాలవ అవతలి గట్టున పడింది. తాతయ్య నెమ్మదిగా, "పుల్ల లేదు కదరా దానికి" అన్నాడు. ఒకటికి రెండుసార్లు అన్నాడు. యాభై ఏళ్లు వేలి మీద పుల్లలు తూచిన మనిషి ఆయన. మావయ్య ఏమీ అనకుండా నా తల మీద చెయ్యి పెట్టాడు.

రెండోది కూడా అలాగే వెళ్లింది. మూడోది మాత్రం మొదట్లో నెమ్మదిగా తిరిగి, స్ప్రింగులా పెద్ద పెద్ద చుట్లు చుడుతూ వెళ్లి ఒరిగిపోయింది. చాలీచాలకుండా తిరిగితే వంకర సమానంగా పంచబడదు, ఆ లోపే దారి తప్పించేస్తుంది. ఆ ఒక్క సాయంత్రం చూసింది తర్వాత ఇంజనీరింగు కాలేజీలో బోర్డు మీద చూసినప్పుడు, లెక్చరరు చెప్పకముందే జవాబు నా నోట్లో ఉంది.

కాలేజీ లైబ్రరీలోనే విలియం హేల్ అనే ఇంగ్లీషాయన గురించి చదివాను. 1844లో పుల్ల లేని రాకెట్టుకి పేటెంటు తీసుకున్నాడు, నిప్పు కొంత ఏటవాలు రంధ్రాల గుండా బయటికొచ్చేలా చేసి తిప్పేవాడు, తర్వాత వెనక వంపు తిరిగిన రేకులు పెట్టాడు. అతనికి ముందు బ్రిటిష్ సైన్యంలో ఉన్నవి కాంగ్రీవ్ అనే ఇంకో ఇంగ్లీషాయన చేసిన పుల్లల రాకెట్లు. వాటికి మూలం మన మైసూరు. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ల ఇనప గొట్టాల రాకెట్లు, వెదురు బొంగులు కట్టినవి. 1780లో కాంచీపురం దగ్గర పొల్లిలూరు యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు వాటి దెబ్బ తిన్నారు. ఆ యుద్ధం బొమ్మ శ్రీరంగపట్నంలో టిప్పు వేసవి మహలు దరియా దౌలత్ గోడ మీద ఇప్పటికీ ఉంది, మావయ్యా నేనూ కలిసి వెళ్లి చూశాం. 2018లో శివమొగ్గ జిల్లా నగర దగ్గర ఒక పాత బావిలో ఆ కాలపు రాకెట్లు వెయ్యికి పైగా దొరికాయని పేపర్లో వచ్చినప్పుడు ఆయనే ఫోను చేశాడు, "చూశావా, అన్నీ పుల్లలవే" అని. ఆ మాటలో ఆయన సంతోషం నాకు బాగా తెలుసు. ఇక్కడి నుంచి పుల్లతో వెళ్లిన జువ్వ, పుల్ల వదిలేసి, తిరగడం నేర్చుకుని, మన దేశంలో మొదటి రాకెట్టు ఎగిరిన కేరళ ఊరు తుంబా మీదుగా మళ్లీ మన సముద్రం ఒడ్డుకి వచ్చింది. ఆయన జీవితమంతా ఆ వచ్చిన జువ్వకి బోల్టులు బిగించాడు.

పాళ్లు ఎందుకు రాయనో చెబుతానన్నాను. 1983లో పక్క వీధిలో ఒకాయన, తాతయ్య కంటే బాగా పని తెలిసినవాడు, మందు దంచుతుండగా రాపిడికి అంటుకుంది. కుడిచేతి వేళ్లు మూడు పోయాయి, ఒక కన్ను పోయింది. ఆ ఇంట్లో ఆ కేక విన్నవాళ్లెవరూ మర్చిపోలేదు. మర్నాడు తాతయ్య రోలు, చువ్వలు, జల్లెడలు అన్నీ కాలవలో వేసేశాడు. మా ఇంట్లో మందుగుండు చేయడం అంతటితో ఆఖరు. లైసెన్సు లేకుండా చేయడం నేరమని ఇప్పుడు అందరికీ తెలుసు, అయినా ప్రతి దీపావళి ముందూ ఎక్కడో ఒకచోట పేలిందని వార్త చూస్తూనే ఉన్నాం. ఆ వాసన, ఆ అరుగు, ఎండలో గొట్టాల వరసలు తల్చుకుంటే నాకు ప్రాణం లేచొస్తుంది, కానీ అది తిరిగి రావాలని మాత్రం కోరుకోను.

అందుకే మనవరాలికి నీళ్ల రాకెట్టు. సీసాలో మూడో వంతు నీళ్లు, బిరడాలోంచి సైకిలు పంపు గొట్టం, అంతే. గాలి నిండగానే నీళ్లు చిమ్ముకుంటూ లేస్తుంది, నిప్పు లేదు, పొగ లేదు. ముందు రెక్కలు తిన్నగా పెట్టి ఎగరేశాం, గాలికి ఎదురు తిరిగి పక్కింటి వైపు వెళ్లింది. అప్పుడు ఏటవాలుగా పెట్టమన్నాను. ఎందుకు అంటే, కాలవ గట్టు మీద కూర్చోబెట్టి, సీసాని చేత్తో తిప్పి చూపిస్తూ, ఈ వంకర ఇప్పుడు కుడికి తోస్తోంది, ఇప్పుడు ఎడమకి అని మావయ్య మాటలే చెప్పాను. అంతా విని, "అయితే తప్పు అలాగే ఉంటుందా తాతా?" అంది. ఉంటుందమ్మా అన్నాను.

ఒక రెక్కకి చాక్లెట్టు కాగితం అంటించాం. సాయంత్రం ఎండ పడుతోంది. నేను పంపు కొడుతుంటే తను వెనక్కి వెళ్లి నిలబడి, మెరుపులు లెక్కపెడతానంది. సీసా లేచింది, మెలి తిరుగుతూ, మెరుస్తూ, తిన్నగా. పన్నెండు అంది తను. నాకు తొమ్మిదే కనపడ్డాయి. సీసా వెతికి తెచ్చుకుని, మళ్లీ నీళ్లు పోసి పంపు కొట్టాం.